పళ్ళెంలో పెట్టిన ఫ్లాపీ

ఆటోనగర్, గాజువాక
7 జూలై 2025

కరీం మావయ్యకి నమస్కారాలు.

నేను కుసుమకుమారిని, జగ్గారావు గారి అమ్మాయిని. మీరు ఆటోనగర్ వదిలి వెళ్ళేనాటికి డిగ్రీ రెండో సంవత్సరంలో ఉన్నాను. మా ఇంటికి వచ్చినప్పుడల్లా వన్‌టౌన్ నుంచి ఖర్జూరాలు తెచ్చేవారు, గుర్తుందా? నర్గీస్‌ని ఫేస్‌బుక్‌లో పట్టుకుని మీ సాలూరు అడ్రసు తీసుకున్నాను. "నాన్నకి చెవులు పూర్తిగా పోయాయి. ఫోన్ ఇస్తే విసుక్కుని తిరిగి ఇచ్చేస్తారు. ఉత్తరం రాయి, నాలుగుసార్లు చదువుకుంటారు" అంది. అందుకే ఈ కాగితం.

అసలు సంగతికి వస్తాను. మీరూ నాన్నా పదిహేడేళ్ళు చెరో షిఫ్టు నడిపిన గ్యాస్ కటింగ్ మెషిన్ మీద ఏడేళ్ళుగా నేను పనిచేస్తున్నాను. నాన్న పని మానేసి మల్కాపురంలో ఇంటిపట్టునే ఉంటున్నారు. మెషిన్ అదే, మంటని నడిపే కంప్యూటరూ అదే, అందులో డాస్ అనే పాత సిస్టమూ అదే. హుద్‌హుద్ తుఫానులో హార్డ్ డిస్క్ పోయింది కదా, కొత్తది ఎవరూ వెయ్యలేదు. రోజూ పొద్దున్న ఫ్లాపీ పెట్టి లేపడమే. నాన్న దాచిన ఫ్లాపీలు ఏడాదికి ఒకటీ రెండూ చొప్పున పాడైపోతూ వచ్చాయి. ఆఖరిది జూన్ నెలాఖర్లో పోయింది. పెడితే కరకరమని చప్పుడు చేసి, ఇది సిస్టమ్ డిస్క్ కాదు అని తెర మీద చూపిస్తుంది. అంతే, మెషిన్ లేవడం లేదు.

గురునాథరావు గారి అబ్బాయి శివరామకృష్ణ గారే ఇప్పుడు ఓనరు. ఆయన నాకు సెప్టెంబరు 27 శనివారం దాకా గడువిచ్చారు. ఆ రోజుకి మెషిన్ లేవాలి, మధురవాడ ఆఫీసులో గీసిన డ్రాయింగు నెట్‌వర్క్ మీద దానికి చేరాలి, ప్లేటు కొలతకి తెగాలి. మూడూ అయితే ఉంచుతారు. కాకపోతే దసరా వెళ్ళగానే తుక్కుకి ఇచ్చేస్తారు. కొత్త మెషిన్‌తో పాటు కంపెనీ మనిషే వస్తాడట. "నీకేం భయం లేదమ్మా, ఆఫీసులో ఫోన్లు ఎత్తే పని ఉంది" అన్నారు.

నాకు ఫోన్లు ఎత్తే పని వద్దు మావయ్యా. ఈ లైనులో కటింగ్ మెషిన్ మీద నిలబడే ఆడమనిషిని నేనొక్కదాన్నే. ఇరవై ఎంఎం ప్లేటు గీసినట్టు తెగి కింద పడుతుంటే నాకెంత బాగుంటుందో మీకు తెలుసు. అది పోగొట్టుకోలేను.

ఫ్లాపీకి బదులు యూఎస్‌బీ పెట్టె బిగించమని ఒకతను తెచ్చాడు. ఆ బోర్డు దాన్ని గుర్తుపట్టలేదు. కాబట్టి మెషిన్‌ని లేపే బూట్ ఫ్లాపీలు మీరే చేసి పంపాలి. నెట్‌వర్క్ ఎలా పెట్టాలో కూడా చెప్పాలి.

ఇంకొకటి దాచకుండా రాస్తున్నాను. ఈ ఉత్తరం సంగతి నాన్నకి తెలియదు. మీ పేరెత్తితే లేచి వీధిలోకి పోతారు. ఎందుకని ఎన్నిసార్లు అడిగినా "ఆడు నన్ను మోసం సేసినాడే" అన్న ఒక్క ముక్కే. అది నిజమైతే ఈ కాగితం చింపెయ్యండి. నిజం కాదనే నా నమ్మకం.

మీ
కుసుమ

సాలూరు
14 జూలై

అమ్మాయ్ కుసుమా,

నాలుగుసార్లు కాదు, రెండుసార్లే చదివాను. ప్రతిదీ పెంచి చెప్పడం నర్గీస్‌కి అలవాటు.

ఇక్కడ లారీ బాడీలు కట్టే షెడ్డులో వెల్డింగు చూసుకుంటున్నాను. పాత కంప్యూటరొకటి మంచం కింద ఉంటే బయటికి లాగి దుమ్ము దులిపి నీకు మూడు ఫ్లాపీలు చేశాను. అట్టల మధ్య పెట్టి పంపుతున్నాను. ఒకటి, రెండు నంబర్లవి మామూలు బూట్ డిస్కులు, కటింగ్ ప్రోగ్రాం వాటిలోనే ఉంది. మూడోదానిలో నెట్‌వర్క్ కూడా ఉంది. ముందు ఒకటో నంబరు పెట్టు. మూడోదాని జోలికి అప్పుడే వెళ్ళకు.

నువ్వు కూడా చెయ్యడం నేర్చుకో. కమాండ్లు వెనక కాగితం మీద పెద్దక్షరాల్లో రాశాను. ఫ్లాపీని ఫార్మాట్ చేసేటప్పుడు చివర స్లాష్ ఎస్ కొట్టాలి. కొడితేనే డాస్ ఆ డిస్కులోకి ఎక్కుతుంది, అప్పుడే అది మెషిన్‌ని లేపుతుంది. కొట్టకపోతే ఫైళ్ళు దాచుకోవడానికి పనికొస్తుంది గానీ మెషిన్‌ని లేపదు. పైకి రెండూ ఒకేలా ఉంటాయి. ఈ తేడా తెలియక మంచి మంచి మెకానిక్కులే తప్పుగా అనుకుంటారు.

నెట్‌వర్క్ కార్డు ఆటోనగర్ తుక్కుకొట్లలోనే దొరుకుతుంది. పొడుగు స్లాటుకి సరిపోయేది, మీద చిన్న చిన్న పిన్నులున్నది అడుగు. కార్డుకి పని వచ్చినప్పుడు కంప్యూటర్‌ని తట్టి పిలవడానికి ఒక నంబరుంటుంది. డిస్కులో ఆ నంబరు మూడు అని పెట్టాను. షెడ్డు పక్క ఆఫీసు కంప్యూటరు నుంచి వైరు లాగి దీనికి తగిలించు. డ్రాయింగు తెచ్చుకునే ప్రోగ్రాం డిస్కులో ఉంది.

మీ నాన్న సంగతి వదిలెయ్. మెషిన్ గురించి ఏదైనా అడుగు, చెప్తాను.

కరీం

ఆటోనగర్
28 జూలై

మావయ్యా,

ఒకటో నంబరు పెట్టగానే లేచింది! నెలరోజుల తర్వాత ఆ పచ్చ అక్షరాలు చూసి ఒంటరిగా నిలబడి చప్పట్లు కొట్టాను. సన్యాసమ్మ పరిగెత్తుకొచ్చింది. తెగిన ముక్కలు ఏరే మనిషి, మీకు తెలియదు, మీరు వెళ్ళాక చేరింది.

ఆ సంబరం మూడు రోజులే. నాలుగో రోజు ఒకటో నంబరు చచ్చింది. రెండోది పెడితే రెండు రోజులు నడిచి అదీ పోయింది. అదే కరకర చప్పుడు. డిస్కు మీది రేకు మూత జరిపి చూస్తే లోపల నల్ల చక్రం మీద గుండ్రంగా ఎర్రగీత పడి ఉంది. షెడ్డు నిండా ఇనుము పొడే కదా, తుప్పు దూరిందనుకున్నాను.

ఇక మిగిలింది మూడోదే. కార్డు దొరికింది, వైరూ లాగించాను. రెండోది పోయిన రోజే, తెగించి మూడోది పెట్టాను. పెట్టి లేపానో లేదో, మంట వచ్చే టార్చి దానంతటదే కిందికి దిగి ప్లేటుని గుద్దుకుంది. నేనేమీ నొక్కలేదు. సన్యాసమ్మ చీపురు పారేసి "ఓలమ్మో! మంట దానంతటదే దిగిపోతన్నాదే కుసుమా! దెయ్యమేటి దీనికి?" అని బయటికి పరుగు. నేను గబుక్కున మెయిన్ ఆపేసి ఫ్లాపీ బయటికి తీసేశాను. నాకూ భయమేసింది, అబద్ధమెందుకు.

రెండు నెలలే ఉంది. మీరు కోప్పడకుండా జవాబు రాయాలి.

కుసుమ

సాలూరు
4 ఆగస్టు

కుసుమా,

దెయ్యమూ లేదు ఏమీ లేదు. తప్పు నాది. టార్చిని పైకీ కిందికీ నడిపే మోటారు వైరు రెండో సీరియల్ పోర్టుకి ఉంటుంది. దాని పిలుపు నంబరు కూడా మూడే. ఆఫీసు కంప్యూటరు వైరు మీద ఏదో అడిగితే, ఆ పిలుపు తనకనుకుని మోటారు కదిలింది. పదకొండేళ్ళలో ఇంతమాత్రం మర్చిపోయాను చూడు. సన్యాసమ్మకి నా తరఫున క్షమాపణ చెప్పు.

కార్డు మీద చిన్న నల్ల క్లిప్పు మూడు దగ్గర ఉంటుంది. గోటితో లాగి అయిదు దగ్గర గుచ్చు. మూడో డిస్కులో మార్చాల్సిన లైను వెనక రాశాను. ఆ మార్పు ఆఫీసు కంప్యూటర్లో ఫ్లాపీ డ్రైవుంటే అక్కడ చెయ్యి. మెషిన్ డ్రైవులో ఆ డిస్కు పెట్టకు. నేను చెప్పేదాకా వద్దే వద్దు.

మధురవాడ వాళ్ళకి ఇంకో సంగతి చెప్పు. ఫైలు పేరు ఎనిమిది అక్షరాలు దాటకూడదు. బ్రాకెట్ ఫైనల్ న్యూ టూ అని పేరు పెడితే డాస్ నెత్తిన కొట్టుకుంటుంది.

పాడైన రెండు డిస్కుల్లో ఒకటి నాకు పంపు. తుడవకు, ఊదకు, ఉన్నదున్నట్టు కవర్లో పెట్టు.

ఇంకొక్కటి అడగాలి. దసరాకి ఇప్పటికీ మెషిన్‌కి పూజ చేస్తున్నారా? డిస్కుని ఎక్కడ పెడతారు?

కరీం

ఆటోనగర్
11 ఆగస్టు

మావయ్యా,

అయిదు దగ్గర గుచ్చాను. ఆఫీసులో పాత కంప్యూటరొకటి మూల పడి ఉంటే దాని డ్రైవులో మూడో డిస్కు లైను మార్చాను. మెషిన్‌లో పెట్టలేదు, మీ మాట మీదే ఉన్నాను.

మధురవాడ కుర్రాడు సాయిశంకర్ ఎనిమిది అక్షరాల మాట విని పది నిమిషాలు నవ్వాడు. "మా తాతగారి కంప్యూటరా అక్కా" అన్నాడు. నవ్వితే నవ్వాడు, పేర్లు మాత్రం చిన్నవి పెడుతున్నాడు.

పూజ మానలేదండీ. నాన్న పని మానేసినా దసరా రోజు పంచె కట్టుకుని షెడ్డుకి వస్తారు. బూట్ డిస్కు రాగిపళ్ళెంలో పెట్టి, పసుపు నీళ్ళు చల్లి, మీద మూడు కుంకుమబొట్లు పెట్టి, హారతి ఇచ్చి, ఆ చేత్తోనే డ్రైవులో పెట్టి మెషిన్ లేపుతారు. మొదటి కోత ఆయనే కోస్తారు. నా చిన్నప్పుడు కూడా ఇలాగే చేసేవారట కదా, మీరూ పక్కన ఉండేవారని అమ్మ చెప్పింది.

ఇదెందుకు అడిగారో నాకు అర్థం కాలేదు. పాడైన డిస్కు దీంతో పంపుతున్నాను.

కుసుమ

ఆటోనగర్
1 సెప్టెంబరు

మావయ్యా,

మూడు వారాలైంది, మీ దగ్గర నుంచి ముక్క లేదు. ఒంట్లో బాగాలేదేమోనని నర్గీస్‌కి మెసేజ్ పెట్టాను. "బాగానే ఉన్నారు. రోజూ కాగితం ముందు పెట్టుకుని కూర్చుంటున్నారు, రాయడం లేదు" అంది.

బాగా ఉండి రాయకపోతే నాకు కోపం వస్తుంది. డ్రైవులో డిస్కు పెట్టొద్దన్నారు, పెట్టలేదు. మెషిన్ దుమ్ము పడుతోంది. ఇరవై ఆరు రోజులే మిగిలాయి. నిన్న తుక్కు కొనేవాళ్ళు వచ్చి దాన్ని టేపుతో కొలుచుకుని వెళ్ళారు. నేను చూస్తూ నిలబడ్డాను.

సాయం చెయ్యడం ఇష్టం లేకపోతే ఆ మాటే రాసెయ్యండి. ఏమీ రాయకుండా ఊరుకోవడం నాన్న పద్ధతి. ఇద్దరూ ఒకలాగే ఉన్నారు.

కుసుమ

సాలూరు
6 సెప్టెంబరు

కుసుమా,

నువ్వు తిట్టింది సబబే. రాయడానికి చెయ్యి రాలేదు, అదీ సంగతి. ఇప్పుడు రాస్తున్నాను, కూర్చుని చదువు.

నువ్వు పంపిన డిస్కు విప్పి ఎర్రగీత మీద వేలు పెట్టి వాసన చూశాను. అది తుప్పు కాదు. కుంకుమ.

బొట్టు తడిమీద అంటుకుంటుంది, ఎండాక పొడి అవుతుంది. ఆ పొడి రేకు మూత సందుల్లోంచి లోపలికి పోతుంది. డిస్కు తిరిగేటప్పుడు డ్రైవులో చదివే ముక్కుకి పట్టుకుంటుంది. అక్కణ్ణించి ఎంత కొత్త డిస్కు పెట్టినా ఆ ముక్కు దాన్ని గీకేస్తుంది. పది దసరాల కుంకుమ ఉంది అందులో. నేను వంద డిస్కులు పంపినా వందా పోతాయి.

మరి అంతకుముందు పదిహేడు దసరాలు ఎందుకు పోలేదని అడుగుతావు. అదే చెప్పడానికి మూడు వారాలు పట్టింది.

మెషిన్ వచ్చిన ఏడే, మొదటి దసరాకే మీ నాన్న బూట్ డిస్కు పళ్ళెంలో పెట్టమన్నాడు. అప్పుడు మా దగ్గర మంచి బూట్ డిస్కు ఒక్కటే ఉంది. పసుపు నీళ్ళు, కర్పూరం సెగ తగిలితే అది పోతుంది. వద్దంటే ఏమనుకుంటాడు? ముస్లింని, వాళ్ళ పూజకి అడ్డం చెప్పినట్టుంటుంది. అందుకని అసలుది చొక్కా జేబులో వేసుకుని, వేరే డిస్కు పాలిథిన్ కవర్లో పెట్టి పళ్ళెంలో ఉంచాను. బొట్లు కవరు మీద పడ్డాయి. పూజ అయ్యాక డ్రైవులో పెట్టేది నేనే కాబట్టి అక్కడ మార్చేసేవాణ్ణి. ప్రతి ఏడూ ఇంతే. ఆ కవరూ మార్చలేదు, బొట్టు మీద బొట్టు. నా మనసులో వేళాకోళం ఎప్పుడూ లేదు. పళ్ళెం ముందు నేనూ చేతులు కట్టుకునే నిలబడేవాణ్ణి.

2014లో దసరా అయిన తొమ్మిదో రోజు హుద్‌హుద్ వచ్చింది. షెడ్డు రేకులు లేచిపోయాయి, హార్డ్ డిస్క్ నీళ్ళలో తడిసి పోయింది. నేను ఇంటి దగ్గర చిక్కుకుపోయాను. మీ నాన్న మోకాలిలోతు నీళ్ళలో నడిచి వెళ్ళి, పూజలో ఉన్న డిస్కు తీసి, కరెంటు వచ్చాక పెట్టాడు. అది లేపలేదు. నేను వెళ్ళేసరికి అందరి ముందూ దాన్ని నా మొహం మీదికి ఎత్తి పట్టుకుని "పదిహేడేళ్ళు ఉత్త డిస్కుకి పూజ సేయించినావు. అందుకే ఇలాగైపోనాది. మోసగాడివి" అన్నాడు. గురునాథరావు గారి ముందు, కూలీల ముందు. ఇంటి దగ్గర దాచి, వస్తూ వెంట తెచ్చిన అసలు డిస్కు జేబులోంచి తీసి బల్ల మీద పెట్టి వచ్చేశాను. దాంతోనే మెషిన్ మళ్ళీ లేచింది. మా ఇద్దరికీ మాటలు పోయాయి.

తర్వాత ఏం జరిగిందో నువ్వు రాస్తేనే తెలిసింది. ఇక మోసం జరగకూడదని అసలు డిస్కుకే, కవరు లేకుండా బొట్లు పెడుతున్నాడు. అది అతని పట్టుదల. నేను తప్పు పట్టను.

ఇప్పుడు పని. డ్రైవు మూత విప్పు, స్క్రూలు నాలుగే. చదివే ముక్కు పైనొకటి, కిందొకటి ఉంటాయి. చెవిలో పెట్టుకునే దూది పుల్లని మందుల షాపు స్పిరిట్‌లో ముంచి మెల్లగా తుడువు. దూదికి ఎరుపు అంటడం ఆగేదాకా తుడువు. ఆరాక మూడో నంబరు పెట్టు.

ఈ ఉత్తరం మీ నాన్నకి చూపిస్తావో లేదో నీ ఇష్టం.

కరీం

ఆటోనగర్
12 సెప్టెంబరు

మావయ్యా,

పదకొండు పుల్లలు పట్టాయి. దసరాకి ఒకటి లెక్కన పది ఎర్రగా వచ్చాయి. ఆఖరి పుల్ల తెల్లగా వచ్చింది.

మూడో నంబరు పెట్టాను. లేచింది. నాలుగు రోజులైంది, ఇంకా లేస్తూనే ఉంది. వైరు మీద ఆఫీసు కంప్యూటర్ని పిలిస్తే పలికింది. టార్చి కదల్లేదు. సాయిశంకర్ మధురవాడలో గీసిన చక్రం ఆఫీసుకి వచ్చి, అక్కణ్ణించి నా తెర మీదికి వచ్చింది. ఫ్లాపీ పట్టుకుని అటూ ఇటూ తిరగడం తప్పింది. మీరు పక్కన ఉంటే బాగుండునని ఆ క్షణంలో అనిపించింది, నిజంగా.

మీ ఉత్తరం రెండు రోజులు మళ్ళీ మళ్ళీ చదివాను. నాన్న మీద కోపం, మీ మీద కోపం. నాన్నకి ఇంకా చెప్పలేదు.

కానీ ఇంకో గొడవ వచ్చి పడింది. చక్రం మూడు వందల ఎంఎం ఉండాలి. తెగింది చూస్తే రెండు వందల తొంభై ఎనిమిది. పది ఎంఎం ప్లేటైనా, ఇరవై ఎంఎం ప్లేటైనా కొలత తగ్గుతోంది. మంట కొంత ఇనుముని తినేస్తుంది కదా, ఏ మందానికి ఎంత వదలాలో ఆ పట్టిక మీ డిస్కులో వేరేగా ఉన్నట్టుంది. నాన్న ఏళ్ళ తరబడి సరిచేసుకున్న పట్టిక జూన్‌లో పోయిన డిస్కులోనే ఉంది, అది ఇప్పుడు చదవడం లేదు. రాసుకున్న పుస్తకం హుద్‌హుద్‌లోనే పోయింది. మాటల్లో పెట్టి అడిగితే నాన్న "సగం గుర్తున్నాయి, సగం నేవు" అన్నారు.

మొదటి రెండూ అయ్యాయి. మూడోది కాకపోతే ఆ రెండూ దండగ. మీ దగ్గర పాత పట్టిక ఎక్కడైనా ఉందా? పదిహేను రోజులే ఉంది.

కుసుమ

సాలూరు
17 సెప్టెంబరు

కుసుమా,

నేను పంపినది కంపెనీవాళ్ళు మెషిన్‌తో ఇచ్చిన అసలు ప్రోగ్రాం. అందులో పట్టిక కొత్త మెషిన్‌కి సరిపోయేది. మన మెషిన్ సెకండ్‌హ్యాండుది, పట్టాలు అరిగాయి. దానికి తగిన కొలతలు కనిపెట్టింది మీ నాన్న. ప్లేటు కోసి, కొలిచి, మళ్ళీ కోసి, ఒక్కో అంకె మీద వారాలు గడిపేవాడు. నాకు అంత ఓపిక ఎప్పుడూ లేదు.

ఆ పట్టిక నా దగ్గర లేదు. కానీ ఎక్కడుందో తెలుసు. పోయిన ఉత్తరంలో ఒక సంగతి దాచాను. పదకొండేళ్ళుగా ఎవరికీ చెప్పనిది. నా పొగరే అనుకో.

పళ్ళెంలో నేను పెట్టినది ఉత్త డిస్కు కాదు.

ఏం పెట్టాలా అని మొదటి ఏడే ఆలోచించాను. పనిముట్టుకి చేసే పూజ కదా, ఖాళీది పెడితే నిజంగానే మోసం అవుతుంది. ఆ షెడ్డులో అన్నిటికన్నా విలువైనది ఏమిటా అని చూస్తే మీ నాన్న పట్టిక కనిపించింది. ప్రతి దసరా ముందు రోజు సాయంత్రం ఆ ఏడు పట్టికని ఆ డిస్కులోకి కాపీ చేసేవాణ్ణి. పదిహేడు ఏళ్ళు, పదిహేడు ఫైళ్ళు. స్లాష్ ఎస్ కొట్టలేదు కాబట్టి అది మెషిన్‌ని లేపదు. లేపనిదంతా ఉత్తదే అనుకున్నాడు అతను. ఒక్కసారి డీఐఆర్ అనే కమాండు కొట్టి చూస్తే లోపల ఏముందో వరసగా కనబడేది. కొట్టలేదు. ముందు నోరు జారాడు. నేను కూడా, చూడకుండా అన్నవాడికి నేనెందుకు చెప్పాలి అనుకున్నాను. నాకు చాలా నొప్పేసింది కుసుమా. అదే ఇన్నేళ్ళూ పట్టుకుని కూర్చున్నాను.

2014 పట్టికైనా చాలు. ఆ తర్వాత మారినవి ఒకటో రెండో ఉంటాయి, నువ్వు కోసి చూసి సరిచేసుకోగలవు.

ఆ డిస్కు అతను పారేసి ఉంటే ఇక నేను చెయ్యగలిగింది లేదు. పారేశాడో లేదో అడగాల్సింది నువ్వే.

కరీం

మల్కాపురం
27 సెప్టెంబరు, సాయంత్రం

మావయ్యా,

ముందు ఫలితం. మెషిన్ లేచింది. డ్రాయింగు వైరు మీద వచ్చింది. మూడు వందల ఎంఎం చక్రం మూడు వందలే తెగింది. శివరామకృష్ణ గారు స్కేలు పెట్టి నాలుగు వైపులా కొలిచారు. నా మొహం వంక చూడకుండా "తుక్కువాళ్ళకి ఫోన్ చేసి రావద్దని చెప్పమ్మా, ఈ ఒక్క ఫోన్ మాత్రం నువ్వే చెయ్యాలి" అన్నారు. చేశాను.

ఇక ఇంట్లో సంగతి.

పోయిన శనివారం మీ ఉత్తరాలన్నీ నాన్న ముందు పెట్టి కూర్చున్నాను. మొదటి దాని మీద చేతిరాత చూసి లేవబోయారు. "కూర్చోండి నాన్నా, ఈసారి మీరు బయటికి పోతే నా ఉద్యోగం పోతుంది" అన్నాను. కూర్చున్నారు. అన్నీ చదివారు. వేలితో గీత గీసినట్టు ఒక్కో లైనూ చదివారు. కుంకుమ దగ్గర ఆగి "నానే పాడు సేసుకున్నానన్నమాట" అన్నారు. ఆఖరి ఉత్తరం చదివాక అప్పుడు లేచి బయటికి పోయారు. గంటకి వచ్చారు.

వచ్చి, కాళ్ళు కడుక్కుని, దేవుడి పటాల వెనక చెయ్యి పెట్టి, ఆ డిస్కు తీశారు. కవరు అలాగే ఉంది, ఎర్రగా మందంగా అట్టకట్టి. నేను నోరు తెరుచుకుని చూస్తే, "పూజ సేసినది పారీకూడదు గదే. సముద్రంలో కలిపీయాలనుకున్నాను. ఏ యేటికాయేడు కుదరనేదు" అన్నారు. మల్కాపురం నుంచి సముద్రం ఎంత దూరం మావయ్యా? కుదరకపోవడమేమిటి?

మర్నాడు ఆదివారం. షెడ్డు తాళం తెరిపించుకుని ఇద్దరమే వెళ్ళాం. కవరు బయటే కత్తిరించి, చేతులు కడుక్కుని, డిస్కు తీశాను. తళతళలాడుతోంది. నేను పెట్టబోతే నాన్న వద్దన్నారు. ఆయనే పెట్టారు. ఆయనే ఒక్క వేలితో, డి, ఐ, ఆర్ కొట్టారు.

మీరు ఆ ఫైళ్ళకి ఏం పేరు పెట్టారో నాకు రాయలేదు. జగ్గా98, జగ్గా99, అలా జగ్గా14 దాకా. పక్కన తేదీలు, ప్రతి ఏడూ దసరా ముందు రోజువే. తెర మీద పదిహేడుసార్లు నాన్న పేరు పడింది. ఆయన పైనుంచి కిందికి ఒక్కో పేరూ చదివారు. ఏడుస్తున్నారని ముందు నాకు తెలియలేదు, కళ్ళజోడు తీసేదాకా.

తర్వాత కళ్ళు తుడుచుకుని "పదారు ఎంఎం అంకె ముందు తప్పుండేదే, రెండువేల పన్నెండులోనే మార్సినాను గదా, జగ్గా పద్నాలుగులో మారిందే ఉండాల, సూడు" అన్నారు. ఉంది. మారినదే ఉంది.

మీకు నేను ఎలా చెప్పాలో తెలియడం లేదు. పని నిలబెట్టారు, మా నాన్నని నాకు కొత్తగా చూపించారు. ఖర్జూరాలు ఈసారి నేను తెస్తాను.

నాన్న ఉత్తరం రాస్తానంటున్నారు. నేను రాసిపెడతానంటే కోపం వచ్చింది.

మీ
కుసుమ

మల్కాపురం
ఆదివారం

బావా,

రాత నాకు అలవాటు నేదు, మాటాడినట్టే రాత్తన్నాను. తప్పులుంటే సద్దుకో. రేపు పొద్దున్నే కొరియర్లో ఏత్తాను.

సూసినాను. నా పేరే అన్నిటికీ. నలుగురిలో నిన్ను మోసగాడన్నాను, ఆ నలుగురిలో ఇద్దరు పోనారు, గురునాథరావు గారూ పోనారు. ఉన్నోల్ల దగ్గరికి ఎల్లి తప్పు నాదని నిన్న సెప్పొచ్చినాను. ఆల్లలో అప్పలసూరి నవ్వినాడు. నవ్వనీ.

కానీ ఒక్క మాట అడగతాను. ఆ రోజు నాను అరిసినప్పుడు, ఒరే జగ్గా డీఐఆర్ కొట్టరా అని ఒక్క ముక్క అంటే నీ సొమ్మేటి పోను? నువ్వూ అన్లేదు. నాకు కోపం, నీకు అంతకన్నా కోపం. మజ్జిలో మా యమ్మి నలిగిపోనాది.

నా కుంకం ఆ మెషిన్ని తినీసిందంట గదా. ముక్కు తుడిసిన పుల్లలు మా యమ్మి దాసింది, సూపించింది. సిగ్గేసింది.

నీకు సెవులు పోనాయంట. నాకూ సగమే. గట్టిగా అరుసుకుందాం, మనకి కొత్తేటి. బుదవారం సాలూరు నుంచి బస్సు మన ఆర్టీసీ కాంప్లెక్సుకి ఎప్పుడొత్తాదో కనుక్కున్నాను, అక్కడుంటాను.

గురువారం దసరా. పళ్ళెంలోకి డిస్కు కావాల. నువ్వే పట్టుకురా, నువ్వే కవర్లో ఎట్టు, నువ్వే పళ్ళెంలో ఉంచు. ఏ డిస్కో నానడగను.

జగ్గారావు